జూనియర్ గంగులు

ఒక పెద్ద అడవిలో అంతకంటే పెద్ద క్రీడాసంఘం ఒకటుండేది. దానికి అధ్యక్షుడు ఒకరు, ఉపాధ్యక్షులు పదకొండు మంది. సలహాదారులు ఎందరో వాళ్ళకే లెక్క తెలీదు. పరిగెత్తేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. క్రీడాసంఘంలో పరిగెత్తేవాళ్ళెందుకండీ, అడ్డం కాకపోతే!

ఆ అడవి పేరు తేనెకోన. అధ్యక్షులవారు ఎలుగుబంటి జగ్గారావు గారు. పద్దెనిమిదేళ్ళుగా కుర్చీలోంచి లేవకుండా క్రీడలకు సేవ చేస్తున్న మహానుభావుడు. కార్యదర్శి నక్క పానకాలు. కాగితం లేనిదే గాలి కూడా పీల్చడు.

ఏటా ఏడు దేశాల అడవులు కలిసి జూనియర్ మగ జంతువులకి అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పందెం పెడతాయి. ఇదేదో చదునైన బాట మీద పరుగనుకునేరు. గుట్టలెక్కాలి, వాగులు దాటాలి, బురదలో పడాలి, లేచి మళ్ళీ పరిగెత్తాలి. దూరం నాలుగు కోసులు. మూడేళ్ళు నిండనివాళ్ళే పాల్గొనాలి. అడవికి ఆరుగురు.

మిగతా అడవుల్లో ఏం చేస్తారయ్యా అంటే, కుర్రాళ్ళందరినీ ఒకచోట నిలబెట్టి పరిగెత్తిస్తారు. ముందొచ్చిన ఆరుగురిని పందేనికి పంపుతారు. ఎంత మోటు పద్ధతో చూశారా! తేనెకోనలో అలా కుదరదు. ఇక్కడ జూనియర్ జట్టుకి ఎంపిక సీనియారిటీ ప్రకారం జరుగుతుంది.

నవ్వకండి, నేను నిజమే చెబుతున్నాను. సంఘం ఆఫీసులో ఒక జాబితా ఉంది. ఎవరు ముందు పేరు రాయించుకుంటే వాళ్ళు పైన. ఏటా పైనున్న ఆరుగురు వెళతారు. ఈ ఏడు జాబితాలో అరవై పేర్లున్నాయి. అంటే ఇవాళ పేరిచ్చినవాడికి పదేళ్ళకి గానీ వంతు రాదు. జట్టులో పడ్డవాడికి సంఘంవారు ఆకుపచ్చ కోటొకటి కుట్టిస్తారు. అది తొడుక్కుని పెళ్ళిళ్ళకి వెళితే ముందు వరసలో కూర్చోబెడతారు. అందుకే వంతొచ్చిన ముసలాళ్ళెవరూ వదులుకోరు. తేనెకోన జట్టు ఏటా ఆఖర్న వస్తుంది. అయినా క్రమశిక్షణగా వస్తుంది, ఒకరి వెనక ఒకరు, జాబితాలో ఉన్న వరసలోనే.

ఈసారి పందెం తేనెకోనలోనే జరుగుతుందని కబురొచ్చింది. వచ్చిన మర్నాడే పైడి అనే కుర్ర దుప్పి సంఘం ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

వీడి సంగతి చెప్పాలి. తెల్లారితే చాలు, వాగు దాటి, బురదగుంట దాటి, గుట్టెక్కి దిగి వస్తాడు. వాళ్ళమ్మ మేత మేయరా అని అరుస్తుంటే మళ్ళీ ఇంకోసారి వెళ్ళొస్తాడు. వీడికి ఇంకో ధ్యాస లేదు. ఆ పందెంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి పరిగెత్తాలి. అంతే కోరిక.

"ఏం బాబూ?" అన్నాడు పానకాలు కాగితాల్లోంచి తలెత్తకుండా.

"పందెంలో పరిగెత్తుతానండి."

"వయసెంత?"

"రెండేళ్ళ పది నెలలండి."

"అయ్యయ్యో, మరీ చిన్నవాడివి. జూనియర్ జట్టుకి పనికిరావు."

పైడి తెల్లబోయాడు. "జూనియర్లంటే చిన్నవాళ్ళే కదండీ?"

"అది పందెం వాళ్ళ నిబంధన. ఎంపిక మాది. కావాలంటే పేరు రాసుకుంటాను. అరవై ఒకటో నంబరు. పదేళ్ళాగి రా. ఈలోగా కాళ్ళు జాగ్రత్తగా చూసుకో, ఎక్కువ పరిగెత్తకు."

"ఇంకో రెణ్ణెల్లలో నాకు మూడేళ్ళు నిండుతాయండి. ఇదే నాకు ఆఖరిది."

పానకాలు జాలిగా నవ్వాడు. "పిచ్చివాడా, మన డాక్టరుగారు చల్లగా ఉన్నన్నాళ్ళు తేనెకోనలో ఎవరికీ మూడేళ్ళు నిండవు!"

పైడి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. వచ్చేసరికి ఇంట్లో పండగ! వాళ్ళ నాన్న గంగులు చేతిలో సంఘంవారి ఉత్తరం. ఆయనకి పదకొండేళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట రాయించుకున్న పేరు, ఇన్నాళ్ళకి జాబితాలో ఒకటో నంబరుకొచ్చింది.

"ఒరే పైడీ! వచ్చిందిరా నా వంతు!" అని గంగులు గిట్టలు టపటపలాడించాడు. "నీ వయసులో నేనెలా పరిగెత్తేవాణ్ణో తెలుసా? ఆ ఏడు నన్ను పంపి ఉంటే ఆ బంగారు పతకం మనింట్లో వేలాడేది. మా నాన్న వంతు ముందన్నారు. సరే అన్నాను. తర్వాత మీ పెదనాన్న వంతన్నారు. సరే అన్నాను. ఇదిగో, ఇన్నాళ్ళకి!"

"మంచిది నాన్నా," అన్నాడు పైడి. నిజానికి వాడికి మంచిగా ఏమీ లేదు. కానీ నాన్న అంత సంతోషంగా ఉండగా వాడెప్పుడూ చూడలేదు.

మర్నాడు వడ్రంగిపిట్ట డాక్టరు వచ్చాడు. వయసు ధ్రువపత్రాలిచ్చేది ఈయనే. ఈయన వైద్యమంతా ముక్కుతోనే. గంగులు నోరు తెరిపించి పళ్ళ మీద టక్కుటక్కుమని కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"గట్టిగానే ఉన్నాయి. రెండేళ్ళ రెండు నెలలు రాస్తున్నాను."

"పదకొండండి," అన్నాడు గంగులు అలవాటు కొద్దీ.

"నన్ను డాక్టర్ని చేసింది మీరా, సంఘమా?" అని కసిరి, డాక్టరు ఆయన కొమ్ముల కేసి చూశాడు. కొమ్మలు కొమ్మలుగా ఇంతెత్తున ఉన్నాయవి. "ఇవుంటే ఎవడూ నమ్మడు," అని సాయంత్రందాకా కూర్చుని పొడిచి పొడిచి, జానెడేసి మోళ్ళు మిగిల్చి పోయాడు.

పైడి వాళ్ళమ్మ మొగుణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి నెత్తి కొట్టుకుంది. "నాకొక్క కొడుకే అనుకున్నాను. ఇప్పుడు ఇద్దరయ్యారు. పెద్దాడు బుద్ధిమంతుడు, రెండోవాడే కాస్త తేడా!"

అంతా సజావుగానే ఉంది కానీ, పందెంవాళ్ళు పంపిన దరఖాస్తులో రెండు పేచీలొచ్చాయి. మొదటిది, ఆరుగురితో పాటు రిజర్వుగా ఒకడి పేరు రాయాలి. రిజర్వువాడికి కోటూ లేదు, విందూ లేదు. అందుకని జాబితాలో ఒక్కడూ ఒప్పుకోలేదు. పానకాలు విసుక్కుని, అడుగునున్న అరవై ఒకటో నంబరు పేరు గిలికేశాడు. వయసు రెండేళ్ళ పది నెలలు. ఆ దరఖాస్తు మొత్తంలో నిజం అదొక్కటే.

రెండోది, పాల్గొనేవాళ్ళు మైనర్లు కాబట్టి సంరక్షకుడి సంతకం కావాలి. మగ పిల్లల గుడారంలోకి రావాలి గనక మగవాడే అయుండాలి. పిల్లవాడికంటే పెద్దవాడయుండాలి.

"మీ నాన్నగారు?" అని అడిగాడు పానకాలు.

"ఆయన పోయి ఆరేళ్ళయిందండి," అన్నాడు గంగులు.

"మరి ఇంట్లో నీకంటే పెద్ద మగవాడెవరు?"

"నేనే కదండీ పెద్ద!"

"మొన్నటిదాకా. ఇవాళ నీకు రెండేళ్ళ రెండు నెలలు. చూసి చెప్పు."

గంగులు చూశాడు. ఎంత చూసినా ఇంట్లో ఉన్నది పైడి ఒక్కడే.

అలా కొడుకుని తండ్రికి సంరక్షకుడిగా పిలిపించారు. పైడి కాగితం ముందు నిలబడ్డాడు. వీడు ముద్ర వెయ్యకపోతే గంగులుకి పందెం లేదు. గంగులు లేకపోతే ఆ చోటు రిజర్వుది. రిజర్వు ఎవరో పైడికి తెలుసు. కళ్ళెదురుగా రాసుందాయె!

పక్కన గంగులు అప్పుడే కుట్టించి తెచ్చిన ఆకుపచ్చ కోటు తొడుక్కుని, వాగునీళ్ళలో నీడ చూసుకుంటున్నాడు. వెనక్కి తిరిగి, "బాగుందా నాయనా?" అనడిగాడు.

"బాగుంది నాన్నా," అని పైడి గిట్ట సిరాలో ముంచి ముద్ర కొట్టేశాడు.

పందెం రోజు వచ్చింది. ఏడు దేశాల జంతువులతో తేనెకోన కిక్కిరిసిపోయింది. ఆఫ్రికా నుంచి ఇంపాలా జింకలొచ్చాయి. ఆస్ట్రేలియా నుంచి కంగారూలొచ్చాయి. దూకడం పరుగు కిందకి వస్తుందా రాదా అని వాళ్ళ గురించి పొద్దుటి నుంచీ ఒకటే తగువు. పెద్ద రెఫరీగా రాజహంస అమ్మగారు వేంచేశారు. ఏటా దేశాలు దాటి ఎగిరే మనిషి గనక అన్ని అడవుల భాషలూ వచ్చు. ఒంటికాలి మీద నిలబడి నిబంధనల పుస్తకం చదువుతుంటే జగ్గారావు గారంతటివాడు కూడా పొట్ట లోపలికి పీల్చాడు.

తేనెకోన జూనియర్లు ఆరుగురూ వచ్చి గీత దగ్గర నిలబడ్డారు. ఒక అడవిపందికి ఆయాసం. ఒక మనుబోతుకి మోకాళ్ళ నొప్పులు. మిగతా ముగ్గురు మనవల భుజాలు పట్టుకుని వచ్చారు. ఆ మనవలే వాళ్ళకి సంరక్షకులు. రాజహంస గారు ముక్కు చిట్లించారు గానీ, ధ్రువపత్రం సరిగా ఉంటే ముఖం చూడకూడదని పుస్తకంలో ఉందట. ఏంచేస్తారు!

పైడి నీళ్ళ ముంత పట్టుకుని నాన్న పక్కనే నిలబడి గబగబా చెబుతున్నాడు. "నాన్నా, బురదగుంటలో ఎడం పక్కన నేల గట్టి, అటు తొక్కు. గుట్ట మీద రెండో మలుపు దగ్గర రాయి కదులుతుంది, దాని మీద కాలెయ్యకు. వాగు దాటాక వెంటనే వేగం అందుకోకు, ఊపిరి తీసుకో. ఆఖరి పల్లంలో మాత్రం వదిలెయ్. ఇంక దేనికీ ఆగకు."

గంగులు వింటున్నాడు. వింటూ వింటూ కొడుకు ముఖంలోకి చూశాడు. ప్రతి రాయీ, ప్రతి మడుగూ వీడికి తెలుసు. ఒక్కటీ దాచుకోకుండా తనకిచ్చేస్తున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట పందెం ఇక్కడే జరిగినప్పుడు తనూ ఇలాగే అన్నీ తెలుసుకుని, జనాన్ని ఆపే ఆ తాడవతల నిలబడి, నాన్న ఆయాసపడుతూ వెళ్ళడం చూశాడు. ఆ రోజు ఎంత ఏడ్చాడో గంగులుకి ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి సిగ్గేసింది.

రాజహంస గారు రెక్క పైకెత్తారు. "అందరూ సిద్ధమేనా?"

ధడేలుమని చప్పుడైంది. గంగులు వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటున్నాడు.

"నాకు భయం! నేను పరిగెత్తను! ఊఁ... ఊఁ... బురదలో భూతముంది! నేను ఇంటికెళ్ళిపోతాను!"

పానకాలు పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన చెవిలో గుసగుసలాడాడు. "గంగులు గారూ, ఇదేం ఆటండీ? పదకొండేళ్ళొచ్చాయి, లేవండి!"

"ఎన్నేళ్ళన్నారు?" అన్నారు రాజహంస గారు.

పానకాలు నిటారుగా నిలబడ్డాడు. "రెండేళ్ళ రెండు నెలలండి అమ్మగారూ."

"అందుకే భయపడుతున్నాడు పాపం."

జగ్గారావు గారు పళ్ళు కొరుకుతూ వచ్చారు. "ఏం భయం కాదండీ, మారాం చేస్తున్నాడు. రెండు తగిలిస్తే వాడే లేస్తాడు."

"పసివాడి మీద చెయ్యి పడిందంటే మీ అడవిని పందెం నుంచే తీసేస్తాను!" రాజహంస గారు మెడ సాచేసరికి ఎలుగుబంటి నాలుగడుగులు వెనక్కి వేసింది. "వీడి సంరక్షకుడెవరు?"

పైడి ముంతతో సహా ముందుకొచ్చాడు. వాడికి బుర్ర పనిచెయ్యడం లేదు. నాన్నకి నిజంగానే ఏదో అయిందనుకున్నాడు. కిందపడి పొర్లుతున్న గంగులు ఎవరూ చూడకుండా ఒక కన్ను గీటాడు.

అప్పుడర్థమైంది పైడికి. గొంతు సవరించుకున్నాడు. "వాడు... అంటే ఆయన... అదేనండి, వాడు పుట్టినప్పటి నుంచీ ఇంతేనండి. వట్టి మొండి. వద్దన్నాడంటే బ్రహ్మదేవుడు చెప్పినా వినడు."

తండ్రిని "వాడు" అన్నందుకు వెంటనే నాలిక కరుచుకున్నాడు. గంగులు మాత్రం ఏడుపు మధ్యలో హాయిగా నవ్వుకున్నాడు.

"ఇష్టంలేని పిల్లవాణ్ణి పరిగెత్తించడానికి వీల్లేదు," అన్నారు రాజహంస గారు. "రిజర్వు ఎవరు?" అని దరఖాస్తు చూశారు. "పైడయ్య, రెండేళ్ళ పది నెలలు."

"నేనేనండి."

"సంరక్షకుడివీ నువ్వే, రిజర్వువీ నువ్వేనా?" ఆవిడ ఎత్తిన కాలు దించి, దించిన కాలు ఎత్తి, పుస్తకం తిరగేశారు. సంరక్షకుడు పిల్లవాడికంటే పెద్దవాడయుండాలి. ఎనిమిది నెలలు పెద్ద. పరిగెత్తేవాడికి మూడేళ్ళు నిండకూడదు. నిండలేదు. "కార్యదర్శిగారూ, మీకేమైనా అభ్యంతరమా?"

పానకాలు నోరు తెరిచాడు. వీడికింకా వంతు రాలేదందామంటే, ఆ వంతుల జాబితా ఏదీ అంటారు. ఆ జాబితాలో తొమ్మిదేళ్ళ కిందటి పేర్లున్నాయి. నోరు మూసుకున్నాడు.

"లేదండి," అన్నాడు నీళ్ళు నములుతూ.

రాజహంస గారి రెక్క దిగింది. పందెం మొదలైంది.

అబ్బబ్బ, ఏం పరుగండీ అది! మొదట్లో ఇంపాలాలు బారెడు ముందున్నాయి. వాగు దాటేసరికి పైడి నాలుగో చోటికొచ్చాడు. బురదగుంటలో కంగారూ ఒకటి దూకి, దూకినచోటే దిగబడిపోయింది. తేనెకోన అడవిపంది ఆనక అక్కడికొచ్చి, పందెం ఎక్కడికి పోతుందిలే అని చల్లగా బురదలో పడుకుంది. పైడి ఎడం పక్క నుంచి దూసుకుపోయాడు. గుట్ట మీద మూడో చోటు, రెండో మలుపు దాటాక రెండో చోటు.

ఇక్కడ గంగులు తన వయసూ, తన ఏడుపూ, తన భయమూ మొత్తం మర్చిపోయాడు. తాడవతల జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుతున్నాడు. "ఆగకురా పైడీ! వదిలెయ్! పల్లంలో వదిలెయ్యరా నాయనా!"

వదిలేశాడు పైడి. ఆఖరి పల్లంలో వాడి కాళ్ళు నేలకి ఆనాయో లేదో చూసినవాళ్ళు ఇప్పటికీ పందేలు కాసుకుంటారు. పక్కన పెద్ద ఇంపాలా ఊపిరి వినబడుతోంది. గీత దగ్గరికొచ్చేసరికి పైడి ముక్కు ముందుంది. ముక్కుమందం తేడాతో ఒకటో చోటు!

తేనెకోన తేనెకోనంతా గంతులేసింది. మిగతా ఐదుగురు జూనియర్లు సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చారు. మనుబోతు తాతగారు మర్నాడు ఫలహారం వేళకి వచ్చారని కూడా అంటారు.

ఇక పతకం ఇవ్వాలి. రాజహంస గారు పుస్తకం తీశారు. "విజేత పైడయ్య. తండ్రి పేరు?"

దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంది. పానకాలు లెక్క వేసుకున్నాడు. తండ్రి పేరు గంగులు అంటే, ఆ గంగులు రెండేళ్ళవాడు. కొడుకు తండ్రికంటే ఎనిమిది నెలలు పెద్దవాడవుతాడు. ఇక లాభం లేదని నక్క ముఖం విచారంగా పెట్టి ముందుకొచ్చింది.

"తండ్రి లేడండి పాపం. పోయాడు."

"నీ నోట మన్నుపడ! మా ఆయన నిక్షేపంలా ఉంటే పోయాడంటావా!" అని జనంలోంచి పైడి తల్లి కేక పెట్టింది.

పైడి ఇరుకున పడ్డాడు. తనిప్పుడు ఏం చెప్పినా నాన్న దొరికిపోతాడు. చెప్పకపోతే నాన్న చచ్చినవాడి కిందే లెక్క. పతకం కేసి చూశాడు, నాన్న కేసి చూశాడు. "నాకొద్దండీ పతకం," అన్నాడు చిన్నగా.

గంగులు తాడు దాటి వచ్చాడు. కోటు విప్పి పక్కన పెట్టాడు. మోళ్ళుగా మిగిలిన కొమ్ములతో రాజహంస గారి ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

"నేను చావలేదమ్మా. వీడి నాన్నని నేనే. నాకు పదకొండేళ్ళు. కొమ్ములు కోయించుకున్నాను, వయసు కోయించుకున్నాను, నా కొడుకు చోటు నేను తీసుకోబోయాను. శిక్ష ఏదైనా నాకు వెయ్యండి. వాడి వయసు మాత్రం నిజం. వాడి పరుగూ నిజమే."

వడ్రంగిపిట్ట డాక్టరు అర్జంటు కేసుందని ఎగిరిపోయాడు. రాజహంస గారు స్వయంగా పైడి పళ్ళు చూశారు. మూడేళ్ళ లోపే. ఆవిడ గంగులు కేసి చూసి, తీర్పు చెప్పారు.

"పతకం పైడయ్యదే. తేనెకోన సంఘానికి ఐదేళ్ళు పందేలు జరిపే హక్కు లేదు. ఎంపికలన్నీ ఇకమీదట నేనే వచ్చి చేస్తాను. గంగులు మీద జీవితకాల నిషేధం. ఇక ఈ జన్మలో జూనియర్ పందెంలో పరిగెత్తడానికి వీల్లేదు."

"అమ్మయ్య!" అన్నాడు గంగులు.

"తండ్రి పేరు, గంగులు," అని ఆవిడ గట్టిగా చదివి పతకం పైడి మెడలో వేశారు. పైడి పతకంతో సహా వచ్చి నాన్న మెడకి చుట్టుకుపోయాడు. ఇద్దరూ ఈసారి నిజంగానే ఏడ్చారు.

వారం తిరక్కుండా సంఘం సమావేశమైంది. జగ్గారావు గారు కుర్చీలోంచి లేవకుండానే, ఈ విజయం సంఘం ముందుచూపు వల్లే వచ్చిందని గంటసేపు మాట్లాడారు. ఇకమీదట పరిగెత్తగలిగిన కుర్రాళ్ళనే పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ కుర్రాళ్ళ వెంట సంరక్షకులుగా ఎవరు వెళ్ళాలన్నది మాత్రం సీనియారిటీ ప్రకారం. సాయంత్రానికి తొంభై పేర్లొచ్చాయి. మొదటి పేరు జగ్గారావు గారిది, రెండోది పానకాలుది.

గంగులు ఆ సమావేశానికి వెళ్ళలేదు. ఆ వేళకి కొడుకు వెనకాల గుట్టెక్కుతూ, సగంలో ఆగి రొప్పుతూ, వాడు పైనుంచి "రా నాన్నా" అంటుంటే, "వస్తున్నాలేరా, నువ్వు పద" అంటున్నాడు.

కాబట్టి మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, పిల్లలు గెలవాలంటే పెద్దవాళ్ళకి వేళకి ఏడవడం రావాలి.